ఆదివారం, ఐటమ్ ఇంకా అవ్వలేదు

పొద్దున్న ఆరుకే ఫోన్. మా పత్రిక చూసే మాస్టారే, ఆ టైమ్‌కి ఇంకెవరు చేస్తారు. "అమ్మాయ్, ఐటమ్ ఎంతవరకొచ్చింది, రాత్రికి పేజీలు పెట్టేయాలి" అన్నారు. అయిపోయినట్టేనండి అన్నాను. శుద్ధ అబద్ధం, అప్పటికి సగం కూడా లేదు.

మా పత్రికంటే పెద్ద పత్రికేం కాదు, నెలకోసారి పన్నెండు పేజీలు. రాసేవాళ్ళం ఏడుగురం, ఎవరికీ పైసా రాదు, రాకపోగా ప్రింటింగ్‌కి తలో మూడొందలు మేమే వేసుకుంటాం. ఎదురు డబ్బులిచ్చి చాకిరీ చేసేదాన్ని నిన్నే చూశానే అంటుంది అమ్మ. పోర్టులో చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు, ఏ జీవో ఏ సంవత్సరంలో వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు గానీ రాయమంటే రెండు పేరాలు దాటరు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముడొకడు, వాడి వాక్యం మద్దిలపాలెంలో బయల్దేరితే తగరపువలసలో గానీ ఆగదు. నేను డయాగ్నస్టిక్ సెంటర్లో బిల్లింగ్ కౌంటర్, వారమంతా టెస్టుల పేర్లు కొట్టీ కొట్టీ ఆదివారం మాత్రం ఇలా.

ఈసారిది నవంబర్ సంచిక కాబట్టి ఉక్కు గురించి ఉండాల్సిందే. 1966 నవంబర్ 1న మన విశాఖలోనే కాల్పులు జరిగాయి కదా, మొత్తం ఆ 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది పోయారు. దాని గురించి పోర్టాయన రాస్తున్నారు. నాకేమో భూముల సంగతి రాయమని ఇచ్చారు, అంటే ఫ్యాక్టరీ కోసం ఖాళీ అయిన ఊళ్ళు. చదివిందంతా పోగేసి ఓ పేజీ రాసుకున్నాను గానీ చదువుతుంటే నాకే కరపత్రంలా అనిపించింది, ఎక్కడా మనిషి లేడు. అందుకే గాజువాక బస్సెక్కేశాను. జీరో టికెట్ ఇస్తూ కండక్టర్ ఆదివారం కూడా ఎక్కడికమ్మా మీరంతా అని విసుక్కున్నాడు, పక్కనావిడ మీ ఇంటికే బాబూ అంది, బస్సంతా నవ్వులు.

నిర్వాసితుల కాలనీలో ఒక బాబాయ్ ఉన్నాడు, మా కొలీగ్ వాళ్ళ మావయ్య, డెబ్బై దాటాయి. ప్లాంట్‌లోనే చేసి రిటైరయ్యాడు. కూకోమ్మా అని ప్లాస్టిక్ కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు. నేను రాసింది పైకి చదవడం మొదలెట్టాను. శంకుస్థాపన 1970 అని రాశాను, అక్కడే ఆపేశాడు. "డెబ్బైలో ఇందిరమ్మ పార్లమెంటులో చెప్పింది, ఏప్రిల్‌లో. రాయి ఏసింది డెబ్బయ్యొకటి జనవరిలో, నాను నడిచెళ్ళి చూసినాను కదా." ఫోన్లో వెతికితే కరెక్టే, 1970 ఏప్రిల్ 17న ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. సిగ్గేసింది.

అది చిన్నదే. రెండో పేరాలో "64 గ్రామాల ప్రజలు ఉక్కు కోసం తమ భూముల్ని త్యాగం చేశారు" అని ఉంది. అది చదవగానే ఏం మాట్లాడలేదు, చేతిలో ఉన్న చుట్ట ఆర్పి కిటికీలో పెట్టాడు. తర్వాత మెల్లిగా అన్నాడు, "మేం ఇచ్చినామని ఎవుడు సెప్పినాడమ్మా? తీసీసుకున్నారు. ఫ్యాక్టరీ వద్దనీలేదు, ఉజ్జోగం సేసినాను, పిల్లల్ని సదివించినాను. అయినా గానీ మా అయ్య ఇవ్వలేదు."

వాళ్ళ అయ్యకి జీడితోట, కొంచెం చోళ్ళు పండే మెట్ట, దిబ్బ మీద మూడు తాటిచెట్లు. ఖాళీ చేసి వచ్చేసిన తర్వాత కూడా ఓ ఏడాది ఆ ముసలాయన పొద్దున్నే చద్దన్నం కట్టించుకుని పొలానికని వెళ్ళి, కంచె దగ్గర తినేసి సాయంత్రానికి వచ్చేసేవాడట. ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లున్నాయి, అన్నీ ముచ్చటైన పేర్లే. మీ ఊరు ఎక్కడొస్తుంది బాబాయ్ లోపల అనడిగితే నేల మీద వేలితో గీసి చూపించాడు, ఇది గేటనుకో, ఇది రోడ్డనుకో, ఇదిగో ఇక్కడ మా చింతచెట్టు. అక్కడ మాత్రం వేలు కాసేపు అలాగే ఉంచేశాడు.

తిరిగొస్తూ బస్సులోనే మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను, త్యాగం అనే మాట తీసేస్తున్నానండి అని. ఒప్పుకోలేదు. అలా అయితే హక్కు అని అడిగే బలం ఏముంటుందమ్మా, ఇప్పుడు అమ్మేస్తామన్నప్పుడు మనం చెప్పేదే అది కదా అన్నారు. 2021 జనవరిలో నూరు శాతం వాటాలు అమ్ముతామని కేంద్రం నిర్ణయించిన దగ్గర్నుంచి ప్రతి సభలోనూ ఆ మాటే, నేనూ ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళది త్యాగమేనండి, వీళ్ళది వేరు, వీళ్ళని ఎవరూ అడగలేదు, అడగనిదాన్ని ఇచ్చారని మనమెలా రాస్తాం అన్నాను. గొంతు కొంచెం పెరిగిందనుకుంటా, ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడు మాస్టారు ఎప్పుడూ చెప్పే కథ ఎత్తుకున్నారు. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి మన ఊళ్ళో చేసినప్పుడు విద్యార్థులు రచయితల్ని మీరెటువైపని నిలదీస్తూ కరపత్రం పంచడం, ఆ జూలైలోనే విరసం, అంటే విప్లవ రచయితల సంఘం పుట్టడం. మామూలుగా ఇది మొదలైతే మేమంతా మొహాలు చూసుకుంటాం. ఇవాళ మాత్రం సగంలో ఆపేసి, "సరే, ఆ కాలనీ బాబాయ్ అన్నమాట ఆయన మాటల్లోనే పెట్టు, యాస మార్చకు" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే, ఆయన లెక్కలో.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. అమ్మ నెత్తళ్ళు వేయించి మూత పెట్టి ఉంచింది, చల్లారిపోయినా అవే బావుంటాయి. తింటూ ఒక చేత్తో టైప్ చేశాను, కీబోర్డంతా నూనె. త్యాగం తీసేస్తే ఆ పేరాలో ఇంకేం మిగల్లేదు, మళ్ళీ మొదట్నుంచి రాయాల్సొచ్చింది, చద్దన్నం దగ్గర్నుంచి మొదలెట్టాను.

ఎనిమిదిన్నరకి పంపాను. పది నిమిషాలకి పీహెచ్‌డీ తమ్ముడు మెసేజ్, "అక్కా నాది కొంచెం పెరిగింది, మూడు పేజీలైంది, నీది ఒకటిన్నరకి తగ్గిస్తావా ప్లీజ్". చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. చింతచెట్టు మాత్రం తియ్యను.