రెండో అంతస్తు మెట్ల మీద

పొద్దున 8.40కి తాళం వేసి దిగుతున్నాను. రెండో అంతస్తు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. గ్యాస్ కట్టేశానా? కట్టేశాను. నాబ్ తిప్పాను, రెగ్యులేటర్ కూడా ఆపాను. మరి నాకు గుర్తున్నది ఈరోజుదేనా, నిన్నటిదా?

ఫోన్లో స్టవ్ ఫొటోలు 43 ఉన్నాయి. అన్నీ ఒకటే. మూడు నాబ్‌లు, ఎడమవైపు దాని మీద చెరిగిపోయిన గీత. ఆఫీసులో కూర్చుని జూమ్ చేసి చూసుకుంటాను. ఇక తీయొద్దన్నారు డాక్టరు గారు. 2003లో నెదర్లాండ్స్‌లో కొందరిచేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్‌నే పదేపదే చెక్ చేయించారట. వాళ్లకి గుర్తుండటంలో తేడా రాలేదు, గుర్తున్నదాని మీద నమ్మకం పోయింది. అది విని ఏడ్చేశాను. నాకు మతిమరుపేమో అనుకున్నాను ఇన్నాళ్లూ.

నాకు 9 ఏళ్లప్పుడు, కాకినాడలో, పిన్ని పెరట్లో బట్టలారేస్తూ "అమ్మలూ, పొయ్యి కట్టేశానో లేదో చూడవే" అంది. తొక్కుడుబిళ్ల ఆటలో ఉన్నాను. లోపలికి వెళ్లకుండానే "కట్టేశావు పిన్నీ" అని అరిచాను. సాయంత్రం ఆవిడ అగ్గిపుల్ల గీసింది. రెండు చేతులూ, మెడా కాలాయి. రబ్బరు పైపుకి పగులని తర్వాత తేలింది. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. తప్పు పైపుదేనని పిన్ని ఎన్నిసార్లు చెప్పిందో. బుర్రకెక్కింది గానీ కడుపులోకి దిగలేదు.

వద్దన్నా అనుమానాలు తోసుకొచ్చి, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే నా ఈ జబ్బుని ఓసీడీ అంటారు. అలాంటివి చూసిన అందరికీ ఇది రాదు. ఓసీడీ ఉన్న అందరికీ ఇలాంటి కథ ఉండదు. నేను మాత్రం ఆ రోజు వెళ్లి చూడని పొయ్యినే 26 ఏళ్లుగా చూస్తున్నాను.

భయం రానివ్వాలి, వెనక్కి మాత్రం వెళ్లకూడదు. ఈఆర్‌పీ అంటారు ఈ చికిత్సని. రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. చెమట పట్టిన అరచేతికి ఇనుము వాసన. పైనింట్లో పోపు చిటపటలకి గుండె ఝల్లుమంది. అప్పుడు వినిపించింది పిన్ని కేక, ఎన్నో ఏళ్ల తర్వాత, పక్క గదిలోంచి వచ్చినట్టు. చెక్ చేయడం ఆపితే పాతవి పైకి రావచ్చని, వాటి గురించి విడిగా మాట్లాడుకుందామని డాక్టరు గారు ముందే చెప్పారు. 6 నిమిషాలకి ఊపిరి కాస్త కుదురుకుంది. దిగి ఆటో ఎక్కాను.

రాత్రి పిన్నికి ఫోన్ చేశాను. "ఆ రోజు పైపే కదా?" అని నోటిదాకా వచ్చింది. అలా అడిగి ధైర్యం తెచ్చుకోవడమూ చెకింగే. అడగలేదు. మాగాయ ముక్కలు ఎండాయా అన్నాను.

"ఇంకో రెండెండలు పడాలే" అంది.