కూర్చుంటేనే తెలుస్తుంది

అద్దం ముందు నిలబడితే అంతా బాగానే ఉంది. కుర్చీలో కూర్చోగానే, చొక్కా కింద నడుముకు పెట్టుకున్న పిస్టల్ పిడి పొట్టలోకి, గొట్టం చివర తొడ మొదట్లోకి గుచ్చుకున్నాయి. ఇవాళ ఒక మిత్రుడి అవస్థ ఇది. హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) మార్చేస్తానన్నాడు. ముందు మార్చాల్సింది దాని చోటు.

నడుము చుట్టూ గడియారం ఉందనుకుని, బొడ్డును 12 గంటలు అనుకోండి. కుడిచేతివాళ్లలో నడుము సన్నగా ఉన్నవాళ్లకు 1 గంట దగ్గర హాయిగా ఉంటుంది. పొట్ట ఉంటే అక్కడ కండ పిడిని బయటికి తోసి చొక్కా మీద ఉబ్బు చూపిస్తుంది. గొట్టం వైపు హోల్‌స్టర్ వెనక చిన్న స్పాంజి దిండు అంటిస్తే పిడి మళ్లీ ఒంటికి ఆనుతుంది. అప్పటికీ కుదరకపోతే తుంటి ఎముక దాటి 4 గంటల దగ్గరికి జరిపి, పిడిని 10-15 డిగ్రీలు ముందుకు వంచాలి.

తుంటి వెడల్పుగా ఉన్నవాళ్లకు 3 గంటల దగ్గర గొట్టం బయటికి లేచి పిడి పక్కటెముకల్లో దిగుతుంది. వాళ్లు హోల్‌స్టర్‌ను బొడ్డు వైపు ముందుకే జరపాలి. వెన్నెముక మీద మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు, వెల్లకిలా పడితే దెబ్బ దానికే.

మెత్తటి బెల్టు ఉంటే ఈ సర్దుబాట్లన్నీ వృథా. ఒకటిన్నర అంగుళాల గట్టి బెల్టు కావాలి.

మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, ఛాంబర్‌లో (పేలే తూటా ఉండే గదిలో) ఏమీ లేదని రెండుసార్లు చూసి, ఖాళీ పిస్టల్‌తో కనీసం రెండు గంటలు ఇంట్లో తిరగండి. వంగండి, లేసులు కట్టుకోండి. తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు కళ్లతో చూస్తూ నెమ్మదిగా పెట్టండి. చొక్కా అంచు ట్రిగ్గర్ గార్డ్‌లో (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయంలో) ఇరుక్కునేది సరిగ్గా అప్పుడే.