ఏడు ఖండాలు, ఒకటే చుట్టు: అంటార్కిటికా నుంచి వెనక్కి వేసిన లెక్క

ప్రపంచమంతా తిరగాలనేది కోరిక. అది లక్ష్యం కావాలంటే ముందు ఒక అంకె ఉండాలి, ఆ అంకెను ఎలా లెక్కపెడతామో కాగితం మీద ఉండాలి. దేశాలంటారా, ఐక్యరాజ్య సమితిలో సభ్యదేశాలు 193. 2011లో దక్షిణ సూడాన్ చేరాక ఆ అంకె కదల్లేదు. పరిశీలక హోదాలో ఉన్న వాటికన్‌నీ పాలస్తీనానూ కలుపుకుంటే 195. 1954లో కాలిఫోర్నియాలో మొదలైన ట్రావెలర్స్ సెంచురీ క్లబ్ దూరపు దీవులనూ విడి ప్రాంతాలనూ వేరువేరుగా లెక్కేస్తుంది, అందుకే దాని జాబితా 300 దాటిపోయింది. ఏ జాబితా పట్టుకున్నా ఏళ్ల తరబడి పని. మేం పెట్టుకున్నది అంత పొడుగుది కాదు గానీ గట్టిది: ఒకే ప్రయాణంలో ఏడు ఖండాల మీదా కాలుపెట్టి బయల్దేరిన ఊరికి తిరిగి రావడం.

నియమాలు మూడు. విమానాశ్రయంలో విమానం మారితే లెక్క కాదు, ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. దీవి మీద దిగితే చెల్లదు, ఖండపు ప్రధాన భూభాగమే తొక్కాలి. పసిఫిక్‌నూ అట్లాంటిక్‌నూ ఒక్కొక్కసారే, తూర్పు దిక్కుకే దాటాలి. రెండో నియమం చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది, కానీ మొత్తం ప్రణాళికను మార్చేసింది అదే. సింగపూర్ దీవి కాబట్టి ఆసియా లెక్క బ్యాంకాక్ నుంచి మొదలుపెట్టాం. అంటార్కిటికా ఓడలు బయల్దేరే అర్జెంటీనా ఊరు ఉష్వాయా కూడా టియెర్రా డెల్ ఫ్యూగో దీవి మీదే ఉంది. అక్కడ ఎన్ని రోజులున్నా దక్షిణ అమెరికా లెక్కలోకి రాదు. దాన్ని చిలీలోని సాంతియాగోలో చెల్లించుకున్నాం.

దారి ఇలా తేలింది: బ్యాంకాక్, సిడ్నీ, సాంతియాగో, ఉష్వాయా, అంటార్కిటికా, మళ్లీ ఉష్వాయా, బ్యూనస్ ఐరిస్, మెక్సికో సిటీ, మాడ్రిడ్, టాంజియర్, ఇస్తాంబుల్, బ్యాంకాక్. క్యాలెండర్‌లో 46 రోజులు.

వీటిలో తేదీని మనం నిర్ణయించలేనిది అంటార్కిటికా ఒక్కటే. యాత్రికుల ఓడలు నవంబర్ నుంచి మార్చి దాకా నడుస్తాయి. నవంబర్‌లో మంచు తొక్కుడు పడకుండా తెల్లగా ఉంటుంది. డిసెంబర్ చివర, జనవరిలో పెంగ్విన్ పిల్లలు గుడ్లు చీల్చుకుని వస్తాయి. ఫిబ్రవరిలో తిమింగలాలు ఎక్కువ కనిపిస్తాయి. మేం ఫిబ్రవరి ఓడ తీసుకుని, దాని తేదీని మేకులా కొట్టి, మిగతా దారినంతా దానికి ముందూ వెనకా వేలాడదీశాం. విమానాలు ముందు కొనేసి ఓడ కోసం తర్వాత వెతికేవాళ్లు చివరికి విమానాలన్నీ మార్చుకోవాల్సి వస్తుంది.

ఓడ ఎంపికలో గదికన్నా ప్రయాణికుల సంఖ్య ముఖ్యం. 1991లో ఏర్పడిన యాత్రా నిర్వాహకుల సంఘం ఐఏఏటీవో నియమం ప్రకారం 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ ఎవరినీ ఒడ్డున దించకూడదు. దించే ఓడలైనా ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దించకూడదు. అంటే 400 మంది ఉన్న ఓడలో మన వంతు వచ్చేదాకా కూర్చోవాలి, అంతలో గాలి లేస్తే ఆ పూటకు అంతే. 200 లోపు మంది ఉన్న ఓడే మేలు. డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ప్రధాన భూభాగం మీద దించే ప్రయత్నం ఎన్ని చోట్ల చేస్తారు? హాఫ్ మూన్, డిసెప్షన్, కువర్‌విల్, పీటర్‌మన్, తపాలా కార్యాలయం ఉన్న పోర్ట్ లాక్రాయ్ అన్నీ దీవులే. పుంటా అరెనస్ నుంచి విమానంలో వెళ్లేవాళ్లు దిగే కింగ్ జార్జ్ కూడా దీవే. నెకో హార్బర్, పోర్టల్ పాయింట్, ఓర్న్ హార్బర్, పారడైజ్ హార్బర్‌లోని బ్రౌన్ స్థావరం ఖండానికి చెందినవి. ఏ ఓడా మాట ఇవ్వదు, ఇవ్వడం కుదరదు కూడా. పట్టికలో ఇలాంటివి మూడైనా ఉంటే ఒకటి దొరికే అవకాశం ఉంటుంది.

వీసాల్లో జనం దెబ్బతినేది పేర్ల దగ్గర కాదు, ప్రవేశాల సంఖ్య దగ్గర. ఉష్వాయాలో ఓడ ఎక్కితే అర్జెంటీనా వదిలినట్టే. తిరిగి దిగితే అది రెండో ప్రవేశం. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో వెళ్తే ఓడ వెనక్కి వచ్చిన రోజు ఇరుక్కుపోతారు. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ వీసాకు ఆ ఇబ్బంది రాకుండా దారిని అమర్చుకోవచ్చు: మాడ్రిడ్‌లో దిగి, ఓడలో మొరాకోకు దాటి, అక్కడి నుంచి నేరుగా ఇస్తాంబుల్ ఎగిరితే ఒక్క ప్రవేశం చాలు. ఉత్తర అమెరికాకు మెక్సికో సిటీని ఎంచుకోవడానికీ కారణం ఇదే. అమెరికా విమానాశ్రయాల్లో విమానం మారాలన్నా ప్రవేశ అనుమతి ఉండాలి, సామాను దించుకుని మళ్లీ అప్పగించాలి. పాస్‌పోర్ట్ గడువు ఆరు నెలలు ఉండాలనేదాన్ని బయల్దేరే రోజు నుంచి కాదు, చిట్టచివరి దేశంలో అడుగుపెట్టే రోజు నుంచి లెక్కపెట్టుకోవాలి. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వేయించుకున్న పదో రోజు నుంచి చెల్లుతుంది, 2016 జూలై నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుబాటు. దక్షిణ అమెరికాలో ముప్పున్న దేశాల నుంచి వచ్చేవాళ్లను ఆరు రోజుల్లోపు అడిగే దేశాలు చాలా ఉన్నాయి. ఆ టీకా పత్రం, అంటే పసుపు పుస్తకం, పాస్‌పోర్ట్‌తో పాటే ఉండాలి.

ప్రపంచం చుట్టే టికెట్‌కు వాడకపోతే అర్థంకాని లక్షణాలున్నాయి. విమాన సంస్థల కూటమి వన్‌వరల్డ్ వారిది ఖండాల లెక్కన, 3 నుంచి 6 ఖండాలు, 16 ప్రయాణాల వరకు. ఏడో ఖండానికి వాళ్ల విమానం లేదు మరి. మొదటి విమానం ఎక్కిన రోజు నుంచి ఏడాది గడువు. తేదీ మార్చుకోవడం తేలిక, ఊరు మార్చడం కష్టం. మధ్యలో ఒక్క విమానం చెప్పకుండా ఎగ్గొడితే వెనకున్నవన్నీ రద్దయిపోతాయి. అందుకే నేలమీదో ఓడమీదో చేసే ముక్కలను కొనేటప్పుడే ఖాళీలుగా చెప్పి రాయించుకోవాలి, అవీ 16లో ఒకటిగా పోతాయి. ఓడ ముక్కకు ఇటూ అటూ మెత్తలా ఖాళీ రోజులు ఉండాలి. మేం ఓడకు ముందు మూడు రాత్రులు, తర్వాత రెండు రాత్రులు ఉష్వాయాలో పెట్టుకున్నాం. ముందు మూడెందుకంటే సామాను తప్పిపోతే వచ్చేదాకా ఓడ ఆగదు.

బ్యాంకాక్‌లో చేసిన అసలు పని బూట్లు కడగడం. నవ్వొచ్చినా సరే, ఈ దారిలో వరసగా మూడు చోట్ల బూట్లు చూస్తారు: ఆస్ట్రేలియా మట్టికి, చిలీ గింజలకూ పళ్లకూ చెక్కకూ, ఆ తర్వాత అంటార్కిటికా ఓడవాళ్లు అన్నిటికీ. పాత టూత్‌బ్రష్, వేడినీళ్లు, ఒక గుండుసూది చాలు. అడుగు గాళ్లలో ఇరుక్కున్న చిన్నరాళ్లు సూదితో ఊడదీయాలి, తర్వాత లేసు విప్పి నాలుక కింద చూడాలి. కానీ అసలు దొంగ వెల్క్రో. చొక్కా చేతి దగ్గరా, చేతితొడుగు పట్టీ మీదా కొక్కేల్లో గడ్డిగింజ దూరితే దులిపితే రాదు, సూదితో ఒక్కొక్కటే తీయాలి. కెమెరా సంచి అడుగున ఉండే దుమ్ము, మూడుకాళ్ల స్టాండు చివర్లు, జేబుల కుట్లలో చేరిన నలుసు కూడా ఇందులోకే వస్తాయి. ఆస్ట్రేలియా ప్రవేశ కార్డులోనూ చిలీ పత్రంలోనూ అనుమానం ఉన్న ప్రతిదానికీ 'ఉంది' అని రాయడమే క్షేమం. చెప్తే చూసి పంపేస్తారు, దాస్తే జరిమానా.

సిడ్నీలో ఆస్ట్రేలియా లెక్క తేలిపోయింది. అక్కడి నుంచి సాంతియాగో విమానం తేదీ రేఖ దాటుతుంది. దక్షిణార్ధపు వేసవిలో రెండు ఊళ్లకూ 14 గంటల తేడా, ప్రయాణం 12 గంటల పైచిలుకు. మధ్యాహ్నం ఎక్కినవాళ్లు అదే తేదీన, ఎక్కిన సమయానికన్నా ముందే దిగుతారు. హోటల్ గది పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మరుసటి రోజు దిగుతామనుకుని మరుసటి తేదీకి గది తీసుకున్నవాళ్లకు ఆ రాత్రి నీడ ఉండదు. దారిలో కిటికీ నుంచి మంచు పలకలు కనిపించొచ్చు, అది లెక్కలోకి రాదు.

ఉష్వాయాకు వెళ్తూ విమానం మారే బ్యూనస్ ఐరిస్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా ఊరికి దూరంగా ఉన్న ఎసెయిసాకు వస్తాయి, ఉష్వాయా వైపు వెళ్లేవి చాలావరకు ఊళ్లోనే నది పక్కనున్న ఏరోపార్కే నుంచి పోతాయి. రెండిటి మధ్యా ట్రాఫిక్‌తో కలిపి ఐదు గంటలు వదిలిపెట్టాలి. దేశీయ విమానంలో సామాను బరువు పరిమితి తక్కువ కాబట్టి బరువైన కోటు ఒంటి మీదే ఉండటం మంచిది.

ఓడ సాయంత్రం బయల్దేరి బీగిల్ కాలువలో నిశ్శబ్దంగా పోతుంది. ఆ నిశ్శబ్దాన్ని చూసి మాత్ర వాయిదా వేయకూడదు. వాంతులు మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ పట్టీ అయితే నాలుగు గంటల ముందే అంటించాలి, మూడు రోజులు పనిచేస్తుంది. గ్లాకోమా ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోవద్దు. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్యనున్న డ్రేక్ జలసంధి ఇరుకైన చోట కూడా సుమారు 800 కిలోమీటర్లు, దాటడానికి రెండు రోజులు. అడుగు అంతస్తులో, ఓడ నడిమధ్యలో ఉన్న గది అన్నిటికన్నా తక్కువ ఊగుతుంది. కిటికీలు పెద్దవిగా ఉండే పై అంతస్తు గదులే ఎక్కువ ఖరీదు, ఎక్కువ ఊపు కూడా వాటిదే. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీ మీదే ఉండాలి, తలుపు సందులో వేళ్లు పెట్టకూడదు. ఈ దాటింపులో దెబ్బలు ఎక్కువగా తగిలేది అలాగే.

ఆ రెండు రోజుల్లోనే వాక్యూమ్ క్లీనర్లతో సంచులు, బట్టలు, బూట్లు మళ్లీ శుభ్రం చేయిస్తారు. బ్యాంకాక్‌లో సూదితో కూర్చున్నవాళ్లకు పది నిమిషాల పని.

ఒడ్డుకు తీసుకెళ్లేది జోడియాక్ అనే గాలి నింపిన రబ్బరు పడవ, పదిమంది దాకా పడతారు. ఎక్కేటప్పుడు అరచెయ్యి పట్టుకోరు. పడవవాడి మణికట్టు పైన మనం, మన మణికట్టు పైన అతను పట్టుకుంటాం, తడి చేతులు జారినా పట్టు జారదు. పడవ అల మీద పైకి లేచినప్పుడు దాని రబ్బరు గట్టు మీద అడుగు, అక్కడి నుంచి పడవ నేల మీదికి అడుగు, వెంటనే కూర్చోవడం. లేచి నిలబడి ఫొటో తీయడం లేదు. దిగేది మోకాలి లోతు నీళ్లలోకి కాబట్టి ప్యాంటు బూట్ల మీదుగా బయటికి ఉండాలి. లోపలికి దోపితే బూటు బకెట్టవుతుంది. పెంగ్విన్‌కు ఐదు మీటర్ల దూరం. అది మన వైపు నడిచొస్తే మనమే తప్పుకోవాలి. పక్షి జ్వరం భయం మొదలయ్యాక నేల మీద కూర్చోవడం, మోకరిల్లడం, సంచి పెట్టడం కూడా మానిపించారు. ఈ నియమం వల్ల ఫొటోలు తీసే తీరే మారిపోయింది: కెమెరా మెడలోనే ఉండాలి, రెండో బ్యాటరీ చలికి చావకుండా లోపలి చొక్కా జేబులో ఉండాలి.

మా ఓడ మొదటి రెండు దింపుళ్లూ దీవుల మీదే. మూడో చోట ఖండమే గానీ పగిలిన మంచుముక్కలు ఒడ్డంతా పేరుకుని పడవలు వెనక్కి తిప్పారు. నాలుగో పూట నెకో హార్బర్. అక్కడ హిమనదం విరిగి పడితే అల ఒడ్డెక్కి వస్తుంది కాబట్టి దిగిన వెంటనే నీళ్ల అంచు వదిలి పైకి నడిపిస్తారు. రుజువుకు ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు కనిపించేలా ఒక ఫొటో చాలు. అంటార్కిటికాలో అధికారిక ప్రవేశ ముద్ర లేదు. సరదాకు వేసే ముద్రలను పాస్‌పోర్ట్ మీద కాకుండా కాగితం మీద వేయించుకోవాలి, లేకపోతే తర్వాతి దేశం ఇమిగ్రేషన్‌లో ప్రశ్నలొస్తాయి.

మెక్సికో సిటీ 2,240 మీటర్ల ఎత్తు. రెండు వారాలు సముద్ర మట్టంలో ఉండి వచ్చినవాళ్లకు మొదటి రోజు తలనొప్పి సహజం, మెట్లు నెమ్మదిగా ఎక్కితే తగ్గుతుంది. మాడ్రిడ్ గురించి చెప్పాల్సింది లేదు.

ఆఫ్రికాకు విమానం వద్దనుకున్నాం. జిబ్రాల్టర్ జలసంధి ఇరుకైన చోట 14 కిలోమీటర్లే. ఓడ ఎక్కాల్సిన స్పెయిన్ రేవు తరీఫాకు రైలు లేదు, అల్హెసిరాస్ దాకా రైల్లో వచ్చి బస్సెక్కాలి. తరీఫా నుంచి టాంజియర్ ఊరి రేవుకు ఓడ గంట ప్రయాణం. మొరాకో ముద్ర ఓడలోనే ఒక బల్ల దగ్గర వేస్తారు కాబట్టి ఎక్కగానే వరసలో నిలబడాలి. కిటికీ దగ్గర కూర్చుని మరిచిపోతే రేవులో దిగనివ్వరు. లెవాంతే అనే తూర్పుగాలి లేస్తే తరీఫా ఓడలు ఆగిపోతాయి. అప్పుడు అల్హెసిరాస్ నుంచి పోయే పెద్ద ఓడలే దిక్కు, అవి చేరేది ఊరికి 40 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న టాంజియర్ మెడ్. ఇక్కడ కూడా ఒక రోజు మెత్త పెట్టుకోవాలి. టాంజియర్ నుంచి కాసబ్లాంకాకు 2018లో మొదలైన వేగపు రైలు రెండు గంటల పైచిలుకులో చేరుస్తుంది. రంజాన్ నెలలో మొరాకో గడియారాన్ని గంట వెనక్కి జరుపుతుంది, ఆ నెలలో విమానం పట్టుకునేవాళ్లు ఫోన్ సమయాన్ని ఇంకోసారి సరిచూసుకోవాలి.

ఏడో ఖండం టాంజియర్ రేవు మెట్ల మీద పూర్తయింది. ఇంక మిగిలింది చుట్టు మూయడమే. ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి కింద నుంచి 2013లో మొదలైన మర్మరాయ్ రైల్లో సిర్కెజీ నుంచి ఉస్కుదార్‌కు నాలుగైదు నిమిషాల్లో యూరప్ నుంచి ఆసియాకు వచ్చేశాం.

తూర్పుగా భూమి చుట్టి వచ్చినవాళ్లకు క్యాలెండర్ చూపించే రోజులకన్నా ఒక తెల్లవారుజాము ఎక్కువ పడుతుంది. మాకు 46 తేదీలకు 47 తెల్లవారాయి. రోజూ పొద్దున్నే వేసుకునే మందును తేదీలు లెక్కపెట్టి సర్దుకుంటే బ్యాంకాక్‌లో దిగిన ఉదయం డబ్బా ఖాళీ.