ఒమన్ కొండల్లో రంగుని చివర నమ్మాలి

ఒమన్ పర్వతాల ఉపగ్రహ చిత్రం మొదటిసారి తెరిచిన మన జియాలజిస్టుకి పండగే. ఆంధ్రాలోనో తెలంగాణలోనో పని నేర్చుకున్నవాళ్ళకి రాయి ఎప్పుడూ దేని కిందో దాక్కునే ఉంటుంది: నల్లరేగడి, వరిమళ్ళు, చెరువులు, తుప్పలు. డోలరైట్ డైక్ (పాత రాతి పగుల్లోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన నల్లరాతి గోడ) ఎక్కడుందో తెలియాలంటే గుట్టల వరుసనో, పొలాల మధ్య తిన్నగా సాగే రాళ్ళ దిన్నెనో పట్టుకోవాలి. బోరు పాయింట్ల కోసం లీనియమెంట్లు (చిత్రంలో కనిపించే తిన్నని గీతలు) గీసినవాళ్ళందరికీ ఈ తంటా తెలుసు. ఒమన్‌లో ఆ తెరలేవీ లేవు. సమైల్ ఓఫియోలైట్ అంటే ఒకప్పటి సముద్రపు అడుగు, భూమి పైపెంకు కింద ఉండే మాంటిల్‌తో సహా. క్రెటేషియస్ కాలం (డైనోసార్ల చివరి యుగం) చివరి భాగంలో అరేబియా అంచు మీదికి ఎక్కి, ఇవాళ దాదాపు 500 కిలోమీటర్ల పొడవున కొండలై బట్టబయలుగా నిలబడి ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళు బోల్తా పడేది సరిగ్గా ఈ బట్టబయలు దగ్గరే. రాయి కనిపిస్తోంది కదా అని రంగు మారిన చోటల్లా సరిహద్దు గీస్తారు. సెన్సర్‌కి అందేది మాత్రం రాతి పైపొరే, అదీ మిల్లీమీటరులో చిన్న భాగం. ఏళ్ళ తరబడి కదలకుండా పడున్న రాళ్ళ మీద ఇనుము, మాంగనీసు ఆక్సైడ్ల నల్లపూత పేరుకుంటుంది. ఆ పూత పట్టాక చెర్టు (సిలికాతో ఏర్పడిన గట్టి అవక్షేప రాయి) గులకరాళ్ళ మైదానం గాబ్రో (లోతులో చల్లబడిన ముదురు అగ్నిశిల)లా కనిపిస్తుంది. ఒకే వాదీ (ఎడారి వాగు)లో ఇప్పుడు నీళ్ళు పారే దారి తెల్లగా, పక్కనున్న పాత మెట్లు ఎంత పాతవైతే అంత నల్లగా ఉంటాయి. రాయి మాత్రం అదే. పైగా వాదీ ఎక్కడ పుట్టిందో అక్కడి రాళ్ళనే కిందికి మోసుకొస్తుంది. పెరిడొటైట్ (మాంటిల్ రాయి) కొండల్లోంచి బయటపడిన వాదీ తన విసనకర్ర మేట మీద పెరిడొటైట్ గులకలే పరుస్తుంది, కింద ఉన్నది సున్నపురాయే అయినా. పిక్సెళ్ళని రంగుని బట్టి రాతి రకాలుగా విడదీసే ఆటోమేటిక్ క్లాసిఫికేషన్‌కి ఈ తేడా తెలియదు. మేటనంతా ఓఫియోలైట్ రంగుతో నింపేస్తుంది.

మందు సులువే. క్లాసిఫికేషన్ నడపకముందే ఎత్తుల నమూనా నుంచి వాలు లెక్కగట్టి, సుమారు 5 డిగ్రీల కంటే తక్కువ వాలున్న నేలనంతా మాస్క్ చేసి పక్కన పెట్టాలి. ఆ భాగాన్ని క్వాటర్నరీ (ఇటీవలి భూకాలపు) మేటలుగా చేత్తో విడిగా గీసుకోవాలి. పాయల అల్లిక, విసనకర్ర ఆకారం, మెట్ల ఎత్తులు చూస్తే అది కష్టమేమీ కాదు. గులకలకి కూడా క్లాసు పెడితే కంప్యూటరే చూసుకుంటుందనే ధీమా ఇక్కడ పనిచేయదు.

అందుకే మొదటి విడత రంగు లేకుండా చేయడమే మేలు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్క బ్యాండ్ (ఒక తరంగదైర్ఘ్యపు పట్టీ), 8 గానీ 11 గానీ, నలుపు తెలుపులో పెట్టి, పక్కన 30 మీటర్ల ఎత్తుల నమూనాతో చేసిన, కొండలకి వెలుతురూ నీడా వేసి చూపే హిల్‌షేడ్ తెరవాలి. ముందు డ్రైనేజీ, తర్వాత శిఖర రేఖలు, పొరల జాడలు, చివర్లో ఫాల్టులు గీయాలి. మన దగ్గర మట్టి కింద రాతిని ఊహించడానికి అలవాటు చేసుకున్న క్రమమే ఇది. హార్జ్‌బర్గైట్ (పెరిడొటైట్‌లో ఒక రకం) పదునైన శిఖరాలతో, దట్టమైన చిన్న చిన్న లోయలతో గరుకుగా ఉంటుంది. పొరల గాబ్రోలో సన్నని చారలు తేలతాయి. షీటెడ్ డైకులు (పక్కపక్కనే అతుక్కున్న డైకులు) దువ్వెన పళ్ళలా ఒకే దిశలో బారులు తీరతాయి, చాలాచోట్ల ఉత్తరానికీ వాయవ్యానికీ మధ్య. పిల్లో లావా (నీటి అడుగున దిండ్లలా గడ్డకట్టిన లావా) తీరం పక్కనున్న బాతినా మైదానం వైపు చిన్న చిన్న గుట్టలుగా దిగిపోతుంది. హవాసినా అనే యూనిట్‌లోని సముద్ర అవక్షేపాలు పలుచని పొరలతో, బిగుతైన మడతలతో ఉంటాయి. జబల్ అఖ్దర్ పర్వతపు సున్నపురాయి పెద్ద పెద్ద పలకల్లా వాలి ఉంటుంది. ఇన్ని యూనిట్లనీ రంగు ముట్టుకోకుండానే విడదీయొచ్చు.

ఇక వెలుతురు. ల్యాండ్‌శాట్, సెంటినెల్ ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో ఈ నేల మీదుగా వెళ్తాయి. డిసెంబరులో ఆ వేళకి సూర్యుడు ఆగ్నేయాన, 35 నుంచి 40 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నీడలు వాయవ్యానికి, అంటే ఉత్తరాన్ని పైన పెట్టిన చిత్రంలో పై వైపుకి పడతాయి. మన కన్ను వెలుతురు పైనుంచే వస్తుందని అనుకుంటుంది కాబట్టి లోయలు గట్లలా, గట్లు లోయల్లా తిరగబడతాయి. వాదీ కొండ ఎక్కుతున్నట్టు అనిపిస్తే జరిగింది ఇదే. చిత్రాన్ని 180 డిగ్రీలు తిప్పి చూస్తే కుదురుకుంటుంది. కొందరు సీనియర్లు దక్షిణాన్ని పైన పెట్టుకునే గీస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు.

మరో చిక్కు ఉంది. నీడ పడే దిశలోనే సాగే రేఖలు చిత్రంలో మాయమైపోతాయి. ఒమన్ పర్వతాల ప్రధాన దిశ చాలా దూరం వాయవ్య-ఆగ్నేయమే. అంటే డిసెంబరు చిత్రంలో అసలు ముఖ్యమైన నిర్మాణాలే నీరసంగా కనిపిస్తాయి, వాటిని అడ్డంగా కోసే ఈశాన్య-నైరుతి విరుగుళ్ళు మాత్రం కొట్టొచ్చినట్టు తేలతాయి. రోజ్ డయాగ్రమ్ (గీతల దిశల్ని చూపే వృత్తాకార చిత్రం) వేస్తే ప్రాంతమంతా ఈశాన్య-నైరుతి ఫాల్టులే అన్న తప్పుడు నిర్ధారణ వచ్చేస్తుంది. జూన్‌లో అదే వేళకి సూర్యుడు దాదాపు తూర్పున, 65 డిగ్రీల పైన ఉంటాడు. నీడలు పొట్టివే, కానీ దిశ వేరు. రెండు రుతువుల చిత్రాలూ తీసుకోవాలి. హిల్‌షేడ్‌లో వెలుతురు దిశని కనీసం నాలుగు వైపుల నుంచి మార్చి మార్చి చూడాలి. ఒక్క దిశలోనే కనిపించి మిగతా మూడింటిలో లేని గీతకి ప్రశ్నార్థకం పెట్టాలి.

అప్పుడు రంగు. ఈ ఓఫియోలైట్ రాళ్ళు అన్ని బ్యాండ్లలోనూ నల్లగానే ఉంటాయి, తేడాలు స్వల్పం. అందుకే మామూలు కాంపోజిట్ (మూడు బ్యాండ్లు కలిపిన రంగు చిత్రం) కంటే డీకోరిలేషన్ స్ట్రెచ్ (బ్యాండ్ల మధ్య చిన్న తేడాల్ని పెంచి చూపే పద్ధతి) పనికొస్తుంది. ఎనభైల చివర్లో ల్యాండ్‌శాట్ టీఎం 7, 5, 4 బ్యాండ్లతో ఈ పద్ధతికి పేరు తెచ్చిన చోటు ఇదే. ల్యాండ్‌శాట్ 8లో అవి 7, 6, 5. సెంటినెల్-2లో 12, 11, 8ఎ. స్ట్రెచ్ చేసే ముందు సముద్రం, ఖర్జూర తోటలు, దట్టమైన నీడలు, ఇసుక కత్తిరించేయాలి. లేకపోతే లెక్కలన్నీ సముద్రానికీ ఇసుకకీ మధ్య తేడాకే సరిపోతాయి, హార్జ్‌బర్గైట్‌కీ గాబ్రోకీ మధ్య మిగిలేదేమీ ఉండదు. ఇంకొకటి: స్ట్రెచ్ చేసిన రంగులకి శాశ్వతమైన లెజెండ్ ఉండదు. ఒక సీన్‌లో గాబ్రో ఆకుపచ్చగా వచ్చిందని పక్క సీన్‌లోనూ అలాగే రావాలని లేదు.

రాగి కోసం వెతికేవాళ్ళు 4/2 నిష్పత్తి (ఎరుపు బ్యాండ్‌ని నీలం బ్యాండ్‌తో భాగించడం) వేసి, ఖనిజం మీద తుప్పు పట్టిన ఎర్రటి గాసన్‌లు పట్టాలనుకుంటారు. సొహార్ వెనుక లసైల్ లాంటి రాగి గనులున్న పిల్లో లావా పట్టీలో ఇది నిజంగానే పనికొస్తుంది. అయితే అదే నిష్పత్తిలో హవాసినా ఎర్ర చెర్టు కూడా భగ్గుమంటుంది. బాతినా తీరం మీది తేమ, దుమ్ము నీలం బ్యాండ్‌ని పాడుచేస్తాయి కాబట్టి వాతావరణ సవరణ చేయకుండా 4/2 వేస్తే తీరమంతా అబద్ధమే. ల్యాండ్‌శాట్ 8లో మట్టి ఖనిజాల కోసం వేసే 6/7 నిష్పత్తిలో ఆకుల్లోని నీరు మట్టి ఖనిజంలా మెరుస్తుంది కనుక పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ మాస్క్ తప్పనిసరి. పాత రాగి కొలుముల చిట్టెం గుట్టలు కూడా నల్లగా, లావాలా కనిపిస్తాయి. వాటిని గనిగా చూపిస్తే నవ్వుతారు, కానీ దగ్గర్లో ఖనిజం ఉందన్నదానికి అవే మంచి సాక్ష్యం.

నీళ్ళతో మారిపోయిన మాంటిల్ రాయి సర్పెంటినైట్‌నీ సున్నపురాయినీ విడదీయడం అసలైన పరీక్ష. ఒకటి 2.32 మైక్రాన్ల దగ్గర, రెండోది 2.34 దగ్గర కాంతిని మింగుతుంది. రెండూ ఆస్టర్ అనే ఉపగ్రహ సెన్సర్ 8వ బ్యాండ్‌లోనే పడతాయి. ఆ బ్యాండ్ ఒక్కదాన్నే నమ్మితే రెండూ ఒకటే. థర్మల్ (వేడిని పట్టే) బ్యాండ్లలో 13/14 నిష్పత్తి వేస్తే కార్బొనేట్ విడిపోతుంది, కాకపోతే పిక్సెల్ 90 మీటర్లు. ఆస్టర్ డేటా తీసుకునేటప్పుడు తేదీ చూడాలి: 2008 ఏప్రిల్ తర్వాత షార్ట్‌వేవ్ బ్యాండ్లు పనికిరావు. అంతకు ముందు వాటిలో కూడా 4వ బ్యాండ్ వెలుతురు 5, 9 బ్యాండ్లలోకి కారుతుంది, క్రాస్‌టాక్ సవరణ చేశాకే నిష్పత్తులు వేయాలి. 2022లో అంతరిక్ష కేంద్రానికి చేరిన ఎమిట్ పరికరం ఈ రెండు ఖనిజాల్నీ చక్కగా వేరు చేస్తుంది, కానీ దాని పిక్సెల్ 60 మీటర్లు. క్రోమైట్ (క్రోమియం ఖనిజం) గుళికలు చాలాచోట్ల అంతకంటే చిన్నవే. క్రోమైట్‌ని నేరుగా వెతకడం దండగ, మాంటిల్‌కీ గాబ్రోకీ సరిహద్దు దగ్గరున్న, క్రోమైట్‌ని చుట్టి ఉండే మాంటిల్ రాయి డ్యూనైట్‌ని గీసి అక్కడికి మనిషిని పంపాలి. 1:50,000 పటంలో 2 మిల్లీమీటర్లంటే నేల మీద 100 మీటర్లు, ల్యాండ్‌శాట్‌లో మూడు పిక్సెళ్ళు. అంతకంటే సన్నని పొరని ల్యాండ్‌శాట్ నుంచి గీశామని చెప్పేవాళ్ళని కాస్త అనుమానించాలి.

గీతల్లో దొంగలు చాలామంది. లోపలి ఎడారిలో చమురు కంపెనీల సైస్మిక్ లైన్లు (భూకంపన సర్వే కోసం చేసిన దారులు) కిలోమీటర్ల కొద్దీ తిన్నగా పోతాయి, కొండా గుట్టా చూడవు. ఫలజ్ (భూగర్భ సాగునీటి) కాలువల బావుల వరుస మొదట డైక్‌లా అనిపిస్తుంది. దగ్గరికి జూమ్ చేస్తే దాదాపు సమాన దూరాల్లో ఉంగరాల్లాంటి మట్టి కుప్పలు, చివర్లో ఓ ఖర్జూర తోట. కరెంటు స్తంభాలు, పాత జీపు దారులు సరేసరి. గీత మీద రాయి రకం మారుతోందా, డ్రైనేజీ వంగుతోందా, పొర పక్కకి జరిగిందా అని చూడాలి. ఒక్కటీ లేకపోతే అది ఫాల్టు కాదు.

పొరల వాలు లెక్కకి మూడు బిందువుల పద్ధతి (పొర మీది మూడు చోట్ల ఎత్తుల నుంచి వాలు తీయడం) చాలు, ఎత్తుల నమూనా తప్పుని గుర్తుపెట్టుకుంటే. పొర సాగే దిశ అయిన స్ట్రైక్‌కి లంబంగా 300 మీటర్ల దూరంలో పొర 120 మీటర్లు దిగితే వాలు 22 డిగ్రీలు. ఎత్తులో 20 మీటర్ల తప్పున్నా జవాబు 18కీ 25కీ మధ్యే ఉంటుంది. అదే 22 డిగ్రీల్ని 50 మీటర్ల దూరంలో 20 మీటర్ల దిగుడు నుంచి తీస్తే తప్పే కొలతంత అవుతుంది, జవాబుకి విలువుండదు. స్టీరియోస్కోప్ (రెండు ఫోటోల్ని కలిపి లోతుగా చూపే పరికరం) కింద పాత ఏరియల్ ఫోటోలు చూసేవాళ్ళకి ఇంకో జాగ్రత్త: నిలువు కొలత మూడు రెట్లు సాగితే 20 డిగ్రీల వాలు 47లా కనిపిస్తుంది. కంటితో అంచనా వేసి పటంలో అంకె రాయకూడదు.

హైదరాబాద్ 44వ యూటీఎం (పటాల కోఆర్డినేట్ పద్ధతి) జోన్‌లో ఉంది, ఉత్తర ఒమన్ 40లో. టెంప్లేట్ మార్చడం మర్చిపోతే ఫైలు ఎక్కడో తేలుతుంది, అది వెంటనే దొరికిపోయే తప్పు. దొరకనిది డేటమ్ (కోఆర్డినేట్లు లెక్కగట్టే భూమి నమూనా) తప్పు. చమురు రంగం నుంచి వచ్చిన పాత డేటా క్లార్క్ 1880 ఆధారిత పీఎస్‌డీ93లో ఉంటుంది. డబ్ల్యూజీఎస్84 అనుకుని తెరిస్తే అంతా వందల మీటర్లు జరిగిపోతుంది, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటుంది. రోడ్ల కూడలితోనో వాదీ మలుపుతోనో పోల్చి చూసుకోవాలి. వాదీల పేర్లు కూడా పాత పటాల్లో ఒక్కో స్పెల్లింగ్‌తో ఉంటాయి, డేటాబేస్‌లో ఒకటే ఉంచి మిగతావి వేరే కాలమ్‌లో పెడితే సగం గొడవ తగ్గుతుంది.

ఏడాది పని కూడా వాతావరణమే విభజిస్తుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని నిషేధం, ఆ నెలలు చిత్రాల ముందు గడిచిపోతాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు ఫీల్డు. వారాంతం శుక్ర, శనివారాలు కాబట్టి ఇండియా బృందంతో కలిసి చేసే పనిలో ఆదివారం ఇక్కడ మొదలై అక్కడ సెలవు. ఫీల్డుకి రెండు బళ్ళు, శాటిలైట్ ఫోను, మనిషికి రోజుకి కనీసం ఐదారు లీటర్ల నీళ్ళు. వాదీలో క్యాంపు వేయరు, ఎక్కడో ఎగువ కొండల్లో పడ్డ వాన ఆకాశం నిర్మలంగా ఉన్న చోటికి వరదై వస్తుంది. డ్రోన్‌కి అనుమతి ముందే తీసుకోవాలి, చేతిలో కాగితం లేకుండా ఎగరేయకూడదు.

ఫీల్డు బిందువుల్ని నమ్మకం ఉన్న చోట్ల పెట్టి టిక్కులు కొట్టుకోవడం డబ్బు వృథా. చిత్రం రంగు ఒకటి, రూపం మరొకటి చెప్పే చోట్లే బండి ఆపాలి. అక్కడ సుత్తితో కొత్త ముఖం విరగ్గొట్టి చూస్తేనే పూత కింద ఏముందో తెలుస్తుంది. పటం లేయర్లో ప్రతి గీతకీ ఒక కాలమ్ ఉండాలి: నేల మీద చూసింది, చిత్రంలో స్పష్టంగా ఉన్నది, ఊహించింది. గీసిన బ్యాండ్లు, సీన్ తేదీ కూడా అందులోనే రాయాలి. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు అదే గీతని వెతుక్కుంటూ వచ్చినప్పుడు, అది డిసెంబరు నీడో, నిజమైన ఫాల్టో ఆ కాలమ్ చూస్తేనే తేలుతుంది.