అయ్యగారి లాంగ్ నోట్‌బుక్

పోయిన నెల ఊరెళ్లినప్పుడు శనివారం సాయంత్రం మా మందిరానికి, అంటే చర్చికి వెళ్లాను. ఆరున్నరకి యవ్వనస్తుల కూడిక, నా చిన్నప్పటి నుంచీ అదే టైము. చాపల మీద పద్నాలుగు మంది పిల్లలు కూర్చుని ఉన్నారు, అందులో నాకు ముఖం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మా బ్యాచ్‌లో ఇరవై రెండు మందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు ఊళ్లో మిగిలింది ఇద్దరే. ఒకడు రొయ్యల చెరువుల మీద మేత లెక్కలు చూస్తాడు, ఇంకొకడికి బస్టాండు ఎదురుగా మెడికల్ షాపు ఉంది. మిగతా అందరం హైదరాబాదు, బెంగళూరు, కువైట్, మస్కట్.

ఆ చాపలు చూస్తుంటే మా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఏంటో నాకు మొదటిసారి సరిగ్గా అర్థమైంది. పిల్లల్ని పెంచుతారు, చదివిస్తారు, పంపించేస్తారు. చాపలు ఖాళీ అవుతాయి. మళ్లీ ఎనిమిదో క్లాసు, తొమ్మిదో క్లాసు పిల్లల్తో మొదలుపెడతారు. సంఘం ఎదిగిందా లేదా అని మనవాళ్లు ఆదివారం వచ్చినవాళ్లని లెక్కపెట్టి చెప్తారు కదా, ఆ లెక్కన చూస్తే ఆయన ఎప్పుడూ ఉన్నచోటే ఉన్నారు. ఆ లెక్క నేను ఒప్పుకోను, అందుకే ఇది రాస్తున్నాను.

మాది కోనసీమలో రాజోలు వైపు చిన్న టౌను. అయ్యగారు వచ్చిన కొత్తలో మందిరం అంటే కాలవ గట్టు పక్కన తాటాకు పాక. 1996 నవంబర్ 6 తుపానుకి ఆ పాక ఆకు కూడా మిగలకుండా ఎగిరిపోయిందట. కొబ్బరిచెట్లు వరసగా విరిగి రోడ్ల మీద పడితే, ఆయన ఊళ్లో కుర్రాళ్లని వెంటేసుకుని గొడ్డళ్లతో దారి తీయించారు. మనవాడా పరాయివాడా అని చూడకుండా ఎవరొస్తే వాళ్లతో. ఆ కుర్రాళ్లే తర్వాత నెలలో మందిరానికి రేకుల షెడ్డు వేసిపెట్టారు. కుర్రాళ్ల మీద ఆయనకి గురి కుదిరింది అప్పుడేనని ఆయన భార్య, మా అమ్మగారు చెప్తారు.

శనివారం కూడికల్లో ఆయన తరచూ చెప్పే సంగతి ఒకటుంది. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అని ఇద్దరు యువకులు భార్యలతో సహా ఓడెక్కి వచ్చారు, తర్వాత నరసాపురం చేరి ఆ వైపే ఉండిపోయారు. గోదావరి డెల్టా మిషన్ వాళ్లతోనే మొదలైంది. ఒకాయన రాళ్లపని చేసేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. వాళ్లు బ్రదరెన్ శాఖ క్రైస్తవులు, మేము పెంతెకోస్తు శాఖ. మావాళ్ల చరిత్ర ఇంకా చాలా తర్వాతది, ఇండియన్ పెంతెకోస్తు సంఘం ఏలూరులో రిజిస్టర్ అయిందే 1935లో. ఆ తేడాలు అయ్యగారు పట్టించుకునేవారు కాదు. "చెప్పులు కుట్టిన చేతుల్రా అవి" అని మా చేతుల వైపు చూసేవారు. మాలో సగంమంది నాన్నలు కొబ్బరి దింపేవాళ్లు, కాయ వలిచేవాళ్లు, చేలో కూలికెళ్లేవాళ్లు. మీ నాన్న ఏం చేస్తారని కాలేజీలో అడిగితే నోరు పెగలని వయసు. ఆ మాట విన్నాక నేను మా నాన్న కొబ్బరి దింపుతారని చెప్పడం మొదలుపెట్టాను. పదిహేడేళ్లవాడికి అది చిన్న విషయం కాదు.

మమ్మల్ని మందిరానికి లాగింది మాత్రం ముందు కీబోర్డు, తర్వాతే బైబిలు వాక్యం. ఆదివారం ఆరాధనకి రానివాడు కూడా శనివారం వచ్చి కీబోర్డు ముట్టుకోవచ్చు, రిథమ్ ప్యాడ్ వాయించొచ్చు. పెద్దలు కొందరు ఒప్పుకోలేదు, కానుకల డబ్బుతో కొన్నవి పాడుచేస్తారని గొడవపెట్టారు. పాడైంది కూడా. ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని బస్సులో అమలాపురం తీసుకెళ్లి బాగుచేయించుకుని వచ్చి, మళ్లీ అక్కడే, మాకు అందేచోటే పెట్టారు. ఆ బాగుచేయించిన డబ్బులు అమ్మగారి కుట్టుమిషన్‌వని మాకు చాలా ఏళ్లకి తెలిసింది. ఆదివారం కానుక సంచిలో వచ్చేదాంతో ఇల్లు గడవక అమ్మగారు జాకెట్లు కుట్టేవారు, ఇప్పటికీ కుడుతున్నారు.

మావైపు చాలా ఇళ్లలో అమ్మ గల్ఫ్‌లో ఉంటుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గరో పెద్దమ్మ దగ్గరో పెరుగుతారు. కువైట్‌లో శుక్రవారం సెలవు, మాకు శుక్రవారం ఉపవాస ప్రార్థన. ప్రార్థన అయ్యాక అయ్యగారి ఫోన్ మోగుతూనే ఉండేది. "మావాడు తింటన్నాడాండి, కాలేజీకెళ్తన్నాడాండి" అని ఆ తల్లులు అడిగేవాళ్లు. ఆయన స్పీకర్ ఆన్ చేసి ఆ పిల్లాడి చేతికిచ్చి బయటికి వెళ్లిపోయేవారు. తల్లీ కొడుకుల ఏడుపు మధ్యలో పాస్టర్ ఉండకూడదని ఆయనకి ఎవరు చెప్పారో!

ఆ లాంగ్ నోట్‌బుక్ సంగతి చెప్పాలి. రెండొందల పేజీలది, అట్ట చిరిగితే క్యాలెండర్ కాగితం అంటించి రబ్బర్‌బ్యాండ్ వేసి ఉంచుతారు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పైన పేరు, కింద తేదీలు. ఎవరికి ఏ పరీక్ష ఎప్పుడు, ఎవరి ఇంటర్వ్యూ ఎక్కడ, ఎవరికి పాస్‌పోర్టు రావాలి, ఎవరి నాన్న తాగుడు మానేశాడు, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఆ పేజీలు తిప్పుతూ ప్రార్థన చేస్తారు. నా పేజీలో "ఫిజిక్స్" అని ఎర్రపెన్నుతో రాసి ఉంటుంది.

ఇంటర్ సెకండియర్‌లో ఫిజిక్స్ పోయింది నాకు. ఏప్రిల్ నెల, కాలవలు కట్టేసిన రోజులు. రిజల్ట్ చూసుకుని ఇంటికెళ్లలేక లాకుల దగ్గరికెళ్లి గట్టు మీద కూర్చున్నాను. అడుగున బురద, అక్కడక్కడా గుంటల్లో నిలిచిన నీళ్లు, ఆ నీళ్లలో కప్పలు. ఫోన్ ఆపేశాను. బుర్రలో ఏమేం తిరిగాయో ఇక్కడ రాయను. రాత్రి పది దాటాక టీవీఎస్ బండి చప్పుడు వినపడింది. ఎప్పుడూ తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తప్ప చూడని మనిషి లుంగీ, బనీనులో దిగారు. వచ్చి పక్కన కూర్చున్నారు. వాక్యం చెప్తారనుకున్నాను, చెప్పలేదు. చాలాసేపు దోమలు కొట్టుకుంటూ ఇద్దరం అలాగే ఉన్నాం. చివరికి, "అమ్మగారు అన్నం పెట్టుకుని కూర్చుంది, పద" అన్నారు. ఆ రాత్రి మా ఇంటికి వెళ్లి నాన్నతో మాట్లాడింది ఆయనే. వారం తిరక్కుండా సప్లిమెంటరీ ఫీజు కట్టిన రసీదు నా చేతిలో పెట్టారు.

అన్నిటికీ ప్రార్థన చాలు అనే బోధ మాలో వినపడుతూ ఉంటుంది, నేనూ విన్నాను. అయ్యగారు అలా కాదు. ఒక కుర్రాడు క్రికెట్ బెట్టింగుల్లో అప్పులపాలై నెలల తరబడి నిద్రపోకుండా, తనలో తను మాట్లాడుకునే స్థితికి వస్తే, దురాత్మ పట్టిందని ఇంట్లోవాళ్లు నూనె రాయించడానికి తీసుకొచ్చారు. తల మీద చెయ్యివేసి ప్రార్థన చేసి, ఆ వెంటనే బండెక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మందులు వేసుకుంటున్నాడా లేదా అని రోజూ సాయంత్రం వెళ్లి చూసేవారు. నేను ఆయన్ని ఇంతగా నమ్మడానికి అది పెద్ద కారణం.

నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మానికి కూడా తొందరపెట్టేవారు కాదు. పరీక్షలవగానే ఉత్సాహంగా వచ్చి అడిగితే, "కాలవకి నీళ్లొదిలేది జూన్‌లో కదమ్మా, అప్పటిదాకా ఆలోచించుకో, ఇంట్లో కూడా చెప్పు" అనేవారు. గోదావరి దూరమేమీ కాదు, కావాలంటే అక్కడ ఇవ్వొచ్చు. అయినా ఆ రెండు నెలలూ ఆగమనేవారు. ఆగి మానుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పేజీలు కూడా ఆ నోట్‌బుక్‌లో ఉన్నాయి.

మొన్న కూడిక అయ్యాక మరమరాలు, టీ ఇచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది ఆయనకి, మోకాలి నొప్పితో కుర్చీలో కూర్చునే ప్రార్థన చేస్తున్నారు. నన్ను చూసి నోట్‌బుక్ తెప్పించి రబ్బర్‌బ్యాండ్ తీసి, నా పేజీ వెతికి పట్టుకున్నారు. ఇది నాలుగో పుస్తకమట. ఒకటి నిండినప్పుడల్లా పాత పేర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కిస్తారు, "ఫిజిక్స్" కూడా ఎర్రపెన్నుతోనే ఎక్కించారు.

"ఇప్పుడు ఏ షిఫ్ట్ రా?"

"నైట్ అండి. పదింటికి లాగిన్, ఆరింటికి అవుతుంది."

"అయితే నేను లేచేసరికి నువ్వింకా మెలకువగానే ఉంటావు" అంటూ టైము రాసుకున్నారు. ఇంతలో కొత్తగా చేరిన పిల్లాడెవడో రిథమ్ ప్యాడ్ మీద తాళం తప్పి వాయిస్తున్నాడు. పెన్ను నా చేతికిచ్చి, మోకాలు పట్టుకుని లేచి వాడి దగ్గరికి వెళ్లారు.