బ్యాకప్ ఉంది సరే, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తెచ్చి చూశారా?

ఇంట్లో సొంతంగా ఒక సర్వర్ పెట్టుకుందామనుకుంటున్నాం, అందులో ఏమేం వేసుకోమంటావు అని తెలిసినవాళ్లు అడిగినప్పుడల్లా నేను తిరిగి అడిగేది ఒకటే. ఆ డబ్బా రేపు పొద్దున ఆన్ కాకపోతే అమ్మ ఫోటోలు, పొలం కాగితాలు మళ్లీ చేతికి రావడానికి ఎంతసేపు పడుతుంది? దీనికి జవాబు ఉన్నవాళ్లు ఏ యాప్ వేసుకున్నా పర్లేదు. జవాబు లేనివాళ్లు మాత్రం కొత్త యాప్‌ల సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి ముందు ఆ జవాబు తయారు చేసుకోవాలి. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే సంగతులు.

మా ఇంట్లో నడిచేది చిన్న సెటప్పే. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ, పక్కన ఒక 4 టీబీ హార్డ్ డిస్క్. డెబియన్ అనే లినక్స్ మీద డాకర్ కంపోజ్, అంటే ఒక్కో యాప్‌ని విడి పెట్టెలో (కంటైనర్‌లో) పెట్టి, వాటి వివరాలు ఒక ఫైల్లో రాసి నడిపే పద్ధతి. ఫోటోలకి ఇమ్మిచ్, కాగితాలకి పేపర్‌లెస్, ఫైళ్లకి నెక్స్ట్‌క్లౌడ్, పాస్‌వర్డ్‌లకి వాల్ట్‌వార్డెన్. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత స్టోరేజీ ఆపేసి అన్నిటినీ 15 జీబీ లెక్కలోకి తెచ్చినప్పుడు చాలామంది ఇటువైపు చూశారు, నాకూ ఆసక్తి మొదలైంది అప్పుడే. అయితే డబ్బు మిగులుతుందని ఈ పని మొదలుపెట్టొద్దు. డిస్కులు, రెండో కాపీ పెట్టే చోటు, మీ టైమ్ అన్నీ కలిపితే పెద్దగా మిగిలేదేమీ ఉండదు. మన ఇంటి జ్ఞాపకాలు, మన కాగితాలు మన చేతిలో ఉండాలన్న కోరిక బలంగా ఉంటేనే ఇది ఏళ్ల తరబడి సాగుతుంది.

కరెంటు ఖర్చు గురించి భయం అక్కర్లేదు. ఈ పీసీ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 10 వాట్లు తీసుకుంటుంది అనుకుంటే నెలకి 7.2 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా అరవై దాటదు. అసలు ఇబ్బంది కరెంటు పోయి వచ్చేటప్పుడు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనకో ముందో యూపీఎస్, ఎకో అని ఒక మీట ఉంటుంది, దాన్ని యూపీఎస్ వైపు పెట్టండి, లేకపోతే కరెంటు పోయి బ్యాటరీకి మారేలోపు ఆ చిన్న ఖాళీలో పీసీ రీస్టార్ట్ అయిపోవచ్చు. బయోస్‌లో (పీసీ లేచేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) కరెంటు వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా పెట్టుకోండి, మీరు ఊళ్లో లేనప్పుడు అమ్మకి ఫోన్ చేసి అమ్మా ఆ నల్ల డబ్బా మీద బటన్ నొక్కు అని చెప్పే అవసరం రాదు.

ఇక నెట్. బయటనుంచి మన సర్వర్‌ని చేరుకోవాలంటే పబ్లిక్ ఐపీ అడ్రస్ ఉండాలి, మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో అది ఉండదు, వందలమందిని ఒకే అడ్రస్ వెనక కూర్చోబెడతారు. రౌటర్ పేజీలో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే మీరూ ఆ గుంపులోనే ఉన్నారు, బయటి ట్రాఫిక్‌ని సర్వర్‌కి మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ రౌటర్‌లో ఎంత చేసినా ఉపయోగం లేదు. దీనికోసం కుస్తీ పట్టకుండా టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ (మన పరికరాల మధ్య నెట్ మీదుగా వేసే ప్రైవేటు దారి) వేసుకోవచ్చు, లేదా ఒక చిన్న వీపీఎస్ (పబ్లిక్ అడ్రస్ ఉన్న నెట్‌లోని సర్వర్) అద్దెకి తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో ఇంటికి సొరంగం వేసుకోవచ్చు. వైర్‌గార్డ్ 2020లో లినక్స్ 5.6తోపాటు దాని కెర్నెల్‌లోనే (మూల భాగంలోనే) చేరిపోయింది కాబట్టి విడిగా పెద్ద తతంగం ఏమీ ఉండదు. నా ఓటు ఇంటి సర్వర్‌ని అసలు ఇంటర్నెట్‌కి తెరవకపోవడానికే. ఇంట్లోవాళ్ల ఫోన్లలో వీపీఎన్ ఒకసారి పెట్టిస్తే చాలు. బ్రౌజర్‌లో తాళం గుర్తు తెచ్చే సర్టిఫికెట్‌కి కూడా పోర్ట్ తెరవాల్సిన పని లేదు, సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు డీఎన్ఎస్ రికార్డు ద్వారా కూడా డొమైన్ మనదేనని నిర్ధారించుకుంటారు, క్యాడీ లాంటి వెబ్ సర్వర్ దాన్ని దానంతటదే రెన్యూ చేస్తుంది. వెబ్‌సైట్ సర్టిఫికెట్ల గడువు 2029 నాటికి గరిష్ఠంగా 47 రోజులకి తగ్గించాలని ఇప్పటికే నిర్ణయమైపోయింది, కాబట్టి చేత్తో రెన్యూ చేసే అలవాటు ఉన్నవాళ్లు ఇప్పుడే మానుకోవడం మంచిది.

డాకర్ వాడేవాళ్లు ఒక్క విషయం తప్పకుండా తెలుసుకోవాలి. సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టి అన్ని పోర్ట్‌లూ మూసేశాం అని నిశ్చింతగా ఉంటాం, కానీ డాకర్ ఒక పోర్ట్‌ని బయటికి ఇచ్చినప్పుడు తన నియమాలు తానే నేరుగా రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ మాట దాకా ట్రాఫిక్ వెళ్లదు. వీపీఎస్ మీద అయితే డేటాబేస్ ప్రపంచమంతటికీ తెరిచి ఉన్నా మనకి తెలియకపోవచ్చు. కంపోజ్ ఫైల్లో పోర్ట్ నంబర్ ముందు 127.0.0.1 అని రాస్తే ఆ యంత్రం లోపలివాళ్లకే కనిపిస్తుంది. డేటాబేస్‌కి అసలు పోర్ట్ లైనే రాయకండి, అదే కంపోజ్‌లో ఉన్న యాప్‌కి అది పేరుతోనే దొరుకుతుంది.

తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఎదురయ్యే కొన్ని సంగతులు ఉన్నాయి, వీటి గురించి తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పేపర్‌లెస్ స్కాన్ చేసిన కాగితంలోని అక్షరాల్ని చదువుతుంది, కానీ దాని డాకర్ ఇమేజ్‌లో (రెడీమేడ్ ప్యాకేజీలో) ఇంగ్లిష్, జర్మన్ లాంటి కొన్ని భాషలే ముందుగా ఉంటాయి, తెలుగు ఉండదు. భాషలు అదనంగా వేసుకునే సెట్టింగ్‌లో టి, ఇ, ఎల్ అనే మూడక్షరాల కోడ్ ఇచ్చి, చదవాల్సిన భాషల సెట్టింగ్‌లో దాన్ని ఇంగ్లిష్ కోడ్‌తో ప్లస్ గుర్తు పెట్టి కలపాలి. అప్పుడు ప్రింట్‌లో ఉన్న అడంగల్, 1బీ, పన్ను రసీదు లాంటివి బాగానే వెతుక్కోవచ్చు. చేత్తో రాసిన పాత దస్తావేజుల్ని ఇది చదవలేదు, వాటికి టైటిల్ మీరే శ్రద్ధగా టైప్ చేసుకోవాలి. ఇంకో చిక్కు పాత డీటీపీ పీడీఎఫ్‌లతో. అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో కంటికి తెలుగే కనిపిస్తుంది, కాపీ చేస్తే మాత్రం పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. పేపర్‌లెస్ మామూలుగా, పీడీఎఫ్‌లో టెక్స్ట్ ఉంటే మళ్లీ చదవకుండా ఆ టెక్స్ట్‌నే తీసుకుంటుంది, కాబట్టి ఆ పిచ్చి అక్షరాలే ఇండెక్స్‌లోకి పోతాయి, ఎంత వెతికినా కాగితం దొరకదు. ఇలాంటివాటికి ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే) మోడ్‌ని ఫోర్స్‌లో పెడితే ప్రతి పేజీనీ బొమ్మగా మార్చి కొత్తగా చదువుతుంది.

ఇమ్మిచ్‌లో వెతకడం కూడా అంతే, మొదట ఉండే ఏఐ మోడల్ ఇంగ్లిష్ కోసం తయారైంది. అడ్మిన్ సెట్టింగ్స్‌లో దాన్ని చాలా భాషలు తెలిసిన ఎన్ఎల్ఎల్‌బీ క్లిప్ రకం మోడల్‌కి మార్చి, స్మార్ట్ సెర్చ్ పనిని అన్ని ఫోటోలకీ మళ్లీ నడిపించాలి. వేల ఫోటోలుంటే ఈ చిన్న ప్రాసెసర్‌కి చాలాసేపు పడుతుంది, రాత్రి మొదలుపెట్టి వదిలేయండి. ఆ తర్వాత అమ్మ తన ఫోన్లో "పెళ్లి పందిరి" అని తెలుగులో కొట్టి ఫోటోలు తనే వెతుక్కుంటుంటే, ఈ శ్రమంతా ఎందుకు పడ్డానో ఇంకెవరికీ చెప్పక్కర్లేదు అనిపిస్తుంది. ఇక ఫైళ్ల పేర్లు. లినక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ మూడేసి బైట్లు. "శ్రీనివాస" అన్న ఒక్క మాటే 27 బైట్లు. అంటే 85 గుర్తులు దాటగానే ఫైల్ సేవ్ కాదు, విండోస్‌లో బాగానే ఉన్న పొడవాటి తెలుగు పేరు సర్వర్‌కి కాపీ చేస్తుంటే ఎర్రర్ రావడానికి కారణం చాలాసార్లు ఇదే.

అప్‌డేట్ల దగ్గర నేను కాస్త పాతకాలం మనిషిని. డెబియన్ సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టాను, కంటైనర్లు మాత్రం నేనే కూర్చుని, ఆ వెర్షన్‌లో ఏం మారిందో చదివి, ఆరోజు బ్యాకప్ అయిందని చూసుకున్నాకే మారుస్తాను. కంపోజ్ ఫైల్లో లేటెస్ట్ అని రాయడం సుఖంగా ఉంటుంది, కానీ పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ ఏటా కొత్త మేజర్ వెర్షన్ తెస్తుంది, 16తో తయారైన డేటా ఫోల్డర్‌ని 17 తెరవనే తెరవదు, ఇది నా వెర్షన్‌ది కాదు అని లాగ్‌లో ఒక ముక్క రాసి ఆగిపోతుంది. అప్పుడు కంగారుపడి ఆ ఫోల్డర్‌ని తీసేయకండి. పాత వెర్షన్ నంబర్ తిరిగి రాస్తే మామూలుగా లేస్తుంది, డంప్ (డేటా మొత్తాన్నీ ఫైల్‌గా దించిన కాపీ) తీసుకుని, కొత్త వెర్షన్‌ని ఖాళీ ఫోల్డర్‌తో లేపి అందులోకి ఎక్కించాలి. నెక్స్ట్‌క్లౌడ్‌ది ఇంకో పట్టుదల, మధ్యలో ఒక మేజర్ వెర్షన్ వదిలేసి దూకనివ్వదు, ఒక్కొక్కటిగా ఎక్కాలి. రెండేళ్లు ముట్టుకోకుండా వదిలేసినవాళ్లకి ఒక ఆదివారం మొత్తం దీనికే పోతుంది. అందుకే నెలకోసారి ఒక గంట, క్యాలెండర్‌లో రాసి పెట్టుకుని కూర్చోవడం నయం. అదే గంటలో డిస్క్ ఆరోగ్యం కూడా చూస్తాను. డిస్క్ తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 5, 197 నంబర్ల వరసల్లో (పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క) రా వాల్యూ గడిలో సున్నా కాకుండా ఏదైనా కనిపించి అది పెరుగుతూ ఉంటే డిస్క్ మార్చే టైమ్ వచ్చినట్టే.

ఇప్పుడు బ్యాకప్. రెండు డిస్కులు రెయిడ్‌లో (రెండిట్లోనూ ఒకే డేటా రాసే పద్ధతిలో) పెట్టాం కదా అంటారు కొందరు. రెయిడ్ ఒక డిస్క్ పోయినప్పుడు పని ఆగకుండా చూస్తుంది, అంతవరకే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది. ఇంకొందరు నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని అలాగే కాపీ చేస్తారు, అది సగం రాసిన స్థితిలో ఉండొచ్చు, తిరిగి లేవకపోవచ్చు. ముందు డంప్ తీయాలి, తర్వాతే కాపీ. ఇమ్మిచ్ రోజూ తెల్లవారుజామున 2 గంటలకి తన డేటాబేస్ డంప్ తానే తీసి, మామూలుగా చివరి 14 ఉంచుకుంటుంది, కానీ అందులో ఆల్బమ్‌లు, ముఖాల పేర్లు లాంటి వివరాలే ఉంటాయి, ఫోటోలు ఉండవు. ఫోటోల ఫోల్డర్, ఆ డంప్ రెండూ కలిస్తేనే బ్యాకప్.

బ్యాకప్‌కి నేను వాడేది రెస్టిక్ అనే ప్రోగ్రామ్. డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఒకసారి పంపిన ముక్కని మళ్లీ పంపదు. రెండో కాపీ డల్లాస్‌లో తమ్ముడి ఇంట్లో, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించిన డిస్క్‌లో ఉంటుంది. సెకనుకి 50 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్నా ఒక టీబీ వెళ్లడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది కాబట్టి మొదటి కాపీ వాడు సెలవులకి వచ్చినప్పుడు డిస్క్‌లో ఎక్కించి చేతికిచ్చి పంపాను, తర్వాత రోజూ కొత్తవి మాత్రమే వెళ్తాయి. అక్కడ రెస్టిక్ సర్వర్‌ని కొత్తవి చేర్చడమే తప్ప పాతవి తీసేయడం కుదరని పద్ధతిలో నడుపుతున్నాం, ఇక్కడి సర్వర్‌లోకి ఎవడైనా చొరబడినా అక్కడి కాపీని చెరపలేడు. విదేశాల్లో తోబుట్టువులున్న ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు, ఒకరికొకరు ఇలా చోటిచ్చుకోవచ్చు.

మరి ఆ రెస్టిక్ పాస్‌వర్డ్ ఎక్కడుంది? చాలామంది వాల్ట్‌వార్డెన్‌లో అంటారు. వాల్ట్‌వార్డెన్ ఉన్నది అదే సర్వర్ మీద. తాళంచెవి లోపల పెట్టి బీరువాకి తాళం వేసినట్టు. ఆ ఒక్క పాస్‌వర్డ్ కాగితం మీద ఉండాలి, రెండు ఇళ్లలో.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తెలిసేది వెనక్కి తెచ్చి చూసినప్పుడే. ఒక పాత ల్యాప్‌టాప్ తీసుకోండి, కొత్తగా డెబియన్ వేయండి, అసలు సర్వర్ వైపు చూడకుండా, ఆ కాగితం, దూరంగా ఉన్న కాపీ మాత్రమే పెట్టుకుని ఇమ్మిచ్‌ని లేపి, ఏదో ఒక పాత ఫోటో వెతికి పూర్తి సైజులో తెరవండి. ఇలా చేసినప్పుడు సాధారణంగా దొరకనివి చిన్న ఫైళ్లు. కంపోజ్ ఫైల్ పక్కన చుక్కతో మొదలయ్యే ఎన్వ్ (.env) ఫైల్ బ్యాకప్‌లో ఉండదు, డేటాబేస్ పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది. ఫైళ్ల యజమాని నంబర్లు మారి యాప్ వాటిని తెరవలేకపోతుంది. ఏ వెర్షన్ నడిచేదో ఎక్కడా రాసి ఉండదు. వీటిలో ఏదీ పెద్ద సమస్య కాదు, తీరిగ్గా ఉన్న ఆదివారం ఎదురైతే. డిస్క్ పోయి ఇంట్లో అందరూ టెన్షన్‌లో ఉన్న రాత్రి ఎదురైతే వేరు.

ఒక మెట్టు ముందుకెళ్లి, మనమే అందుబాటులో లేకపోతే ఏంటి అన్నది కూడా చూసుకోవాలి. అమ్మకి డాకర్ తెలియాల్సిన అవసరం లేదు. ఇమ్మిచ్ మామూలుగా ఫోటోల్ని అర్థంకాని పొడవాటి పేర్లతో దాచుకుంటుంది, స్టోరేజ్ టెంప్లేట్ అనే సెట్టింగ్ ఆన్ చేసి ఏడాది, నెల వారీగా ఫోల్డర్లు పెట్టమంటే డిస్క్ మీద కూడా మామూలు ఫోటోల్లాగే ఉంటాయి. లినక్స్ డిస్క్ విండోస్‌లో నేరుగా తెరుచుకోదు కాబట్టి అప్పుడప్పుడూ మొత్తం ఫోటోల్ని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేసిన ఒక పోర్టబుల్ డిస్క్‌లోకి కాపీ చేసి బీరువాలో పెడుతున్నాను. దాంతోపాటు తెలుగులో ఒక పేజీ ఉంది. డిస్క్‌ని ఏ ల్యాప్‌టాప్‌కైనా పెట్టొచ్చని, పొలం కాగితాలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో, డొమైన్ రెన్యూవల్ ఏ నెలలో వస్తుందో, ఇవేవీ అర్థం కాకపోతే డల్లాస్‌కి ఫోన్ చేయమని. మొన్న అమ్మ చేత ఆ పేజీ చదివించి డిస్క్ తనే తెరిచి చూడమన్నాను, ఫోల్డర్ పేర్లలో నెలలు అంకెల్లో కాకుండా మాటల్లో ఉంటే బాగుంటుందంది, ఈ వారం టెంప్లేట్ మార్చాలి.