సంతాపానికీ ఒక నగ: వైట్‌హాల్ నుంచి విట్బీ దాకా

లండన్‌లో రాణుల నగలు చూడాలంటే అందరూ టవర్ ఆఫ్ లండన్ కోటకు వెళ్తారు. నేను ముందు ప్రభుత్వ కార్యాలయాలుండే వైట్‌హాల్ వీధికి వెళ్లాను. 2024 నవంబరు 10, రిమెంబ్రెన్స్ సండే. మొదటి ప్రపంచయుద్ధం 1918 నవంబరు 11న పొద్దున పదకొండింటికి ఆగింది. అందుకని ఏటా నవంబరు రెండో ఆదివారం అక్కడ యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకుంటారు. రాజు వచ్చి సెనటాఫ్ అనే తెల్లరాతి స్మారకం దగ్గర పూలచక్రం పెడతాడు. రాణి, కోడళ్లు విదేశాంగ శాఖ భవనం బాల్కనీల్లో నిలబడి చూస్తారు. నాకు కావాల్సింది ఆ బాల్కనీలే.

నగలు కొనే తాహతు నాకు పెద్దగా లేదు కానీ చూసే పిచ్చి మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురి మొహం కంటే ముందు మెడలో ఏముందో చూస్తాను. రాజుగారింటి ఆడవాళ్లు చావులకూ సంస్మరణలకూ ఏ నగ పెట్టుకుంటారన్నది కొన్నేళ్లుగా పత్రికల్లో వదలకుండా చదువుతున్నాను. మన దగ్గర దుఃఖమంటే నగలు తీసేయడం. అక్కడ దుఃఖానికి వేరే నగలున్నాయి. అదేంటో దగ్గరగా చూడాలనిపించింది.

లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కూతురు, నాకూ అమ్మాయే, నాకు తోడు. "పెద్దమ్మా, ఎనిమిదికల్లా లైన్లో ఉండకపోతే మనకు జనం వీపులే కనిపిస్తాయి" అని చీకటితోనే లేపింది. టికెట్టేమీ లేదు కానీ బ్యాగులన్నీ వెతికి పంపిస్తారు. వెస్ట్‌మిన్‌స్టర్ స్టేషన్లో దిగి, తనిఖీ దాటి, ఒక ఇనుప కంచె పక్కన చోటు సంపాదించాం. ఆకాశమంతా మబ్బు. మూడు గంటలు నిలబడాలి, కూర్చోవడానికి ఏమీ ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోండి.

మా పక్కన ఒక పెద్దావిడ ఉంది. కోటుకు ఎడమవైపు యుద్ధాల్లో పోయినవాళ్ల గుర్తుగా పెట్టుకునే ఎర్రటి కాగితపు పాపీ పువ్వు, కుడివైపు వరసగా పతకాలు. కుడివైపు ఎందుకని అడిగాను. ఎవరి పతకాలు వాళ్లు ఎడమవైపు పెట్టుకుంటారట, పోయినవాళ్లవి ఇంట్లోవాళ్లు పెట్టుకుంటే కుడివైపు పెట్టుకోవాలట. అవి వాళ్ల నాన్నవి. వాటి కింద గోరంత బ్రూచ్ ఒకటి, ఏదో రెజిమెంట్ చిహ్నంతో. యుద్ధానికి పోయే సిపాయిలు భార్యలకూ ప్రియురాళ్లకూ తమ రెజిమెంట్ గుర్తుతో ఇలాంటి పిన్నులు ఇచ్చి వెళ్లేవాళ్లు, స్వీట్‌హార్ట్ బ్రూచ్ అంటారు. ఆవిడది వాళ్లమ్మ పెట్టుకున్నది. వెల కట్టిస్తే ఎంతో రాదు. అయినా చూడమని కోటు కాస్త ముందుకు లాగి చూపించింది, రంగు వెలిసిన ఎనామెల్, అంచున చిన్న పెచ్చు ఊడింది.

బాల్కనీలో నేను చూడబోయేది కూడా ఇదే లెక్క అని అప్పుడు అర్థమైంది. కమిల్లా రాణి 2021 ఏప్రిల్‌లో ప్రిన్స్ ఫిలిప్ అంత్యక్రియలకు వెండి బాకా ఆకారంలో ఒక బ్రూచ్ పెట్టుకుంది. అది 'ది రైఫిల్స్' అనే రెజిమెంట్ గుర్తు. ఆ రెజిమెంట్ గౌరవాధిపత్యం 2020లో మామగారే ఆమెకు అప్పగించాడు. ఆమె పెట్టెలో వజ్రాలకు కొదవా? ఆ రోజుకు ఏది కావాలో ఆమెకు తెలుసు, అంతే.

పదకొండుకు కాస్త ముందు బాల్కనీ తలుపులు తెరుచుకున్నాయి. వేల్స్ యువరాణి కేథరిన్, పక్కన ఎడిన్‌బరా డచెస్ సోఫీ. కమిల్లాకు ఛాతీలో ఇన్ఫెక్షన్, రాలేదు. కేథరిన్ కీమోథెరపీ ముగించుకున్న ఏడాది అది. ముందురోజు సాయంత్రం సంస్మరణ సభకు కూడా వచ్చింది కాబట్టి, వరసగా రెండు రోజులు అధికారిక కార్యక్రమాల్లో కనిపించడం ఆ ఏడాదికి అదే మొదటిసారి. జనంలో చిన్న కదలిక, అంతలోనే సర్దుకున్నారు. బైనాక్యులర్స్‌లో నల్ల కోటు, నల్ల టోపీ, ఎడమ భుజం కింద ఎర్రటి పువ్వులు. వాళ్లు తరచూ ఒక్క పువ్వుతో ఆగరు. ఎలిజబెత్ రాణి అయితే ఐదు పువ్వులు గుత్తిగా పెట్టుకునేది. ఆ ఐదు ఎవరికోసమని రకరకాల అర్థాలు చెప్తారు కానీ ఆవిడ మాత్రం ఎప్పుడూ నోరు విప్పలేదు.

బిగ్ బెన్ కొట్టింది, ఫిరంగి మోగింది, రెండు నిమిషాలు వైట్‌హాల్ మొత్తం ఆగిపోయింది. నా వెనకాల పసిబిడ్డ ఒకటి ఏదో అంది, ఎవరూ తిరిగి చూడలేదు. మళ్లీ ఫిరంగి, తర్వాత బాకాలు. రాజు పూలచక్రం పెట్టాడు, కామన్వెల్త్ దేశాల హైకమిషనర్లు పెట్టారు, అందులో మన హైకమిషనర్ కూడా. ఆ తర్వాత వేలాదిమంది మాజీ సైనికుల కవాతు, అది చాలాసేపు సాగింది.

మా అమ్మాయి పెట్టుకున్న పాపీ ఖద్దరుది. మొదటి యుద్ధం ముగిసి నూరేళ్లయిన 2018లో భారత సైనికుల పేరిట ఖాదీ పాపీలు తెచ్చారు. ఆ యుద్ధానికి మన ఉపఖండం నుంచి పదమూడు లక్షలమందికి పైగా వెళ్లారు, 74,000 మంది తిరిగి రాలేదు. సూయెజ్, పాలస్తీనాల్లో పోరాడిన గుర్రపు దళంలో నిజాం హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. పక్కావిడకు ఆ సంగతి చెప్తే, ఆ ఖద్దరు పువ్వును వేలితో తడిమి చూసింది.

నిజాం పేరు వచ్చింది కాబట్టి ఆయన హారం సంగతి కూడా చెప్పాలి. 1947లో ఎలిజబెత్ పెళ్లికి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ లండన్‌లోని కార్టియర్ కొట్టుకు కబురు పంపాడు, పెళ్లికూతురికి ఏది నచ్చితే అది తీసుకోనివ్వమని. ఆవిడ ఒక వజ్రాల హారం, తలకు పెట్టుకునే టియారా ఒకటి ఎంచుకుంది. టియారాను 1973లో విప్పేసి కొత్తది చేయించారు కానీ దాని గులాబీ బ్రూచ్‌లు మిగిలాయి. హారం కేథరిన్ మెడలో 2014లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ విందులో ఒకసారి, 2019 డిసెంబరులో దౌత్యవేత్తల విందులో ఇంకోసారి కనిపించింది. రాత్రి, దీపాలు, పొడవాటి గౌను ఉంటేనే దానికి అందం. సంతాపం రోజున అది పెట్టెలో ఉండాల్సిందే. హైదరాబాద్ సొమ్ము నల్ల కోటు మీదికి రాదా అని నాకు కొంచెం ఉక్రోషమే అనుకోండి.

ఎలిజబెత్ రిమెంబ్రెన్స్ రోజుల్లో తరచూ పెట్టుకున్నది డోర్సెట్ బో అనే బ్రూచ్, వజ్రాల ముడి ఆకారం. 1893లో డోర్సెట్ జిల్లావాళ్లు మేరీ రాణి పెళ్లికి ఇచ్చారు. ఆవిడ 1947లో మనవరాలు ఎలిజబెత్ పెళ్లికి ఇచ్చింది. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ అంత్యక్రియల నాటి నగలు కూడా ఈ వరసలోవే. కేథరిన్ మెడలో నాలుగు పేటల ముత్యాల చోకర్. జపాన్ ప్రభుత్వం ఇచ్చిన ముత్యాలతో చేయించింది, ఎలిజబెత్‌ది, ఒకప్పుడు డయానా అరువు పెట్టుకున్నది, ఫిలిప్ అంత్యక్రియలకు కేథరినే పెట్టుకున్నది. చెవులకు బహ్రెయిన్ పాలకుడు 1947లో ఇచ్చిన ముత్యాల్లోంచి రెండు. కమిల్లాకు విక్టోరియా రాణి నాటి హృదయాకారపు బ్రూచ్, జర్మనీలోని హెస్సె రాజవంశపు మనవళ్లు మనవరాళ్లు 1897లో అమ్మమ్మకు ఇచ్చుకున్నది. అందరూ "ఎంత ఖరీదు" అంటారు. నాకైతే ఆ రోజుల్లో "ఎవరిది" అన్నదే ప్రశ్న. పోయినావిడ ముత్యాలు పెట్టుకుని పోయినావిడ దగ్గరికి వెళ్లడం మా ఇళ్లలో ఎవరైనా చేస్తే ఊరంతా చెవులు కొరుక్కుంటుంది.

ఈ సంప్రదాయమంతా విక్టోరియాతోనే గట్టిపడింది. 1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్ట్ పోయాడు. 1901లో తను పోయేదాకా, దాదాపు నలభై ఏళ్లపాటు ఆవిడ నల్ల బట్టలు వదల్లేదు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ప్రవేశం ఉచితం, నీలాల చిన్న కిరీటం ఒకటుంది. 1840లో పెళ్లైన ఏడాది ఆల్బర్ట్ స్వయంగా గీసి చేయించింది. భర్త పోయాక 1866లో మొదటిసారి పార్లమెంటు తెరవడానికి వెళ్లినప్పుడు విక్టోరియా పెద్ద కిరీటం వద్దని ఇది పెట్టుకుంది. చుట్టూ పదిమంది ఉన్నా కాసేపు అక్కడే నిలబడ్డాను. అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గర్లో ఉంది.

టవర్‌లో ఆ అవకాశం లేదు. అక్కడ ముఖ్యమైన కిరీటాల ముందు నేల మీద కదిలే పట్టా ఉంటుంది, నిలబడితే అదే మోసుకుపోతుంది. ఫొటోలు తీయనివ్వరు. కోహినూర్ దగ్గర పట్టా ఇంకా వేగంగా పోతున్నట్టనిపించింది, అది నా బాధే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పుట్టిందని చెప్పుకునే రాయి అది. ఆ గని ఉన్న చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. రాయేమో 1937లో ఎలిజబెత్ తల్లికి చేసిన కిరీటంలో ఉంది. 2002లో ఆవిడ శవపేటిక మీద ఆ కిరీటమే పెట్టి తీసుకెళ్లారు. అంటే మన రాయి కూడా ఒక చావుకు నగ అయింది. 2023 పట్టాభిషేకానికి మాత్రం కమిల్లా దాన్ని పక్కనపెట్టి మేరీ రాణి కిరీటం వాడింది.

నేను పట్టా మీద మళ్లీ మళ్లీ ఎక్కి చూసింది వేరేది. విక్టోరియా 1870లో చేయించుకున్న బుల్లి కిరీటం, అరచేతిలో పట్టేంత, అందులో 1,187 వజ్రాలు. వితంతువు తలగుడ్డ మీద పెద్ద కిరీటం నిలవదు, బరువూ ఎక్కువ. వజ్రానికి రంగు లేదు కాబట్టి సంతాపానికి పనికొస్తుందన్నారు. ఆవిడ పోయినప్పుడు శవపేటిక మీద పెట్టింది దీన్నే.

కానీ తొలినాళ్లలో వజ్రాలు కూడా కుదరవు. ఆస్థానంలో సంతాపం తొలి దశలో ఆడవాళ్లకు జెట్ ఒక్కటే. ఆ నల్లరాయి దొరికే ఊరు విట్బీ. అది చూడందే ప్రయాణం పూర్తికాదని మా అమ్మాయిని సెలవు పెట్టించాను. కింగ్స్ క్రాస్ నుంచి యార్క్ దాకా రైలు, అక్కడి నుంచి 840 నంబరు బస్సు. బస్సు పికరింగ్ దాటాక ఎత్తైన బయళ్ల మీదికి ఎక్కుతుంది, చెట్లుండవు, గోధుమరంగు పొదలూ గొర్రెలూ. మేడ మీద ముందు సీటు దొరికితే వదలకండి. చివర్న సముద్రం, కొండ మీద విరిగిన మఠం గోడలు, కింద నది, దాని రెండు పక్కలా ఎర్ర పెంకుల ఇళ్లు.

జెట్ నిజానికి రాయి కాదు, చెట్టు. పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందట నీళ్లలో కూరుకుపోయిన ఒక జాతి చెట్టు మొద్దులు బరువుకు నలిగి నల్లగా గట్టిపడ్డాయి. సముద్రం కొండచరియలను కోస్తుంటే బయటపడుతుంది. 1870ల్లో ఈ ఊళ్లో సుమారు 1,500 మందికి ఇదే బతుకు. తర్వాత ఫ్యాషన్ మారింది, చవక నల్లగాజు వచ్చింది, పని పడిపోయింది.

చర్చ్ స్ట్రీట్‌లో కొట్లలో ఒకచోట సానబట్టే ఆయన మమ్మల్ని లోపలికి పిలిచాడు. చక్రం దగ్గర ఆయన వేళ్లు గోధుమరంగు పొడితో నిండి ఉన్నాయి. నల్లరాయికి గోధుమ పొడేంటని చూస్తుంటే, గరుకు పింగాణీ ముక్క మీద ఒక కొస గీశాడు, గీత చాక్లెట్ రంగులో పడింది. నల్లగాజు అయితే అలా గీయదట. తర్వాత నా చేతిలో రెండు పూసలు పెట్టాడు, చూడ్డానికి ఒకటే. ఒకటి చల్లగా బరువుగా ఉంది, అది గాజు. రెండోది అరచేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక, చల్లగా లేదు. దాన్ని ఉన్ని గుడ్డ మీద రుద్ది కాగితం ముక్కల మీద పెడితే ముక్కలు లేచి అంటుకున్నాయి.

అప్పటి నగలు పెద్దవి ఎలా పెట్టుకున్నారో ఆ తేలికతనంలో తెలిసింది. మ్యూజియంలో చూసిన గొలుసులు ఒక్కో లంకె పెసరట్టులో అల్లంముక్కంత కాదు, బొటనవేలంత. బంగారంలో అంత చేస్తే మెడ వంగిపోతుంది.

కొట్టులో చిన్న పూసల దండ చూసి మా అమ్మాయి "పెద్దమ్మా, అచ్చం నల్లపూసలే" అంది. నిజమే. అదే నలుపు, అదే మెరుపు. మనకు నల్లపూసలు మెడలో ఉంటే ముత్తైదువ, అక్కడ ఒకప్పుడు ఇవి మెడలో ఉంటే విధవ. సానబట్టే ఆయనకు ఈ సంగతి చెప్తే చక్రం ఆపేసి మళ్లీ చెప్పమన్నాడు. మా పెళ్లిలో ఆడపడుచులు పెడతారని, భర్త పోతే తీసేస్తారని చెప్పాను. "మరి ఆ తర్వాత ఏం పెట్టుకుంటారు?" అన్నాడు. ఏమీ పెట్టుకోరన్నాను.

విక్టోరియాను మొండి ముసలమ్మ అని చాలామంది విసుక్కుంటారు. నలభై ఏళ్ల నలుపు నాకూ అతి అనిపిస్తుంది, దాన్ని ఆస్థానంలో అందరి మెడకూ కట్టడం ఇంకా అతి. కానీ భర్త గీసిచ్చిన కిరీటం ఆవిడ తల మీదే ఉండనిచ్చారు, ఆయన వెంట్రుకలున్న లాకెట్ ఆవిడ మెడలోనే ఉంది. మా అమ్మమ్మ నానుతాడు పదో రోజున తీసి కూతుళ్లు పంచుకున్నారు. ఆవిడ తర్వాత ముప్పై ఏళ్లు బతికింది. బోసి మెడతోనే నాకు గుర్తు.

ఆ దండ కొన్నాను. ఇంటికెళ్లాక గుంటూరులో మా ఆచారిగారి చేత బంగారు తీగలో గుచ్చించాలని ఉందంటే, సానబట్టే ఆయన ఒక జాగ్రత్త చెప్పాడు: ఇది బొగ్గుకు చుట్టం, అతుకు పెట్టేటప్పుడు మంట తగిలితే కాలిపోతుంది, పూసలు చివర్న గుచ్చమనండి. కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. తిరుగు బస్సు ఐదింటికి. నవంబరులో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది, కొండ మీది మఠానికి 199 మెట్లున్నాయి కాబట్టి వెళ్లేవాళ్లు వాటిని పొద్దున్నే ఎక్కేసి, కొట్లు మధ్యాహ్నానికి పెట్టుకోండి.